ఆన్‌లైన్ వీడియోకు సెన్సార్: ఇండోనేసియాలో 2003లో తెగని పంచాయితీ

ఇండోనేసియా ప్రసార చట్టం సవరణ బిల్లు మళ్లీ రచ్చకెక్కింది. యూట్యూబ్, టిక్‌టాక్‌లలో పెట్టే వీడియోలు కూడా టీవీ కార్యక్రమాల్లాగే ప్రసార కమిషన్ (కేపీఐ) నిబంధనలకు లోబడాలా అన్నదే పేచీ. ఇది స్మార్ట్‌ఫోన్లు తెచ్చిన తలనొప్పి అని చాలామంది అనుకుంటున్నారు. కాదు. ఇంటర్నెట్ ఇంటింటికీ చేరకముందే, తూర్పు జావా పల్లెల పెళ్లి పందిళ్లలో తీసిన వీసీడీలతో ఈ గొడవ మొదలైంది.

ఆ పందిళ్లలో మోగేది డాంగ్‌డుట్, అంటే ఇండోనేసియా జనం చిందేసే పాటల సంగీతం. హిందీ సినిమా పాటల ప్రభావంతో అది రూపుదిద్దుకుంది. 1970లలో గాయకుడు రోమా ఇరామా దానికి ఎలక్ట్రిక్ గిటార్ జోడించి దేశమంతా ఊపేశారు. నేరుగా 2003కి వద్దాం.

తూర్పు జావాలోని పసురువాన్ ప్రాంతానికి చెందిన గాయని ఇనుల్ దరతిస్త పెళ్లిళ్లలో, సున్తీ వేడుకల్లో, ఊరి ఉత్సవాల్లో పాడేవారు. అలాంటి కచేరీలను వీడియో తీయించడం అక్కడ మామూలే. ఒక వీసీడీలో పట్టేది సుమారు 74 నిమిషాలు. కచేరీ గంటల తరబడి సాగుతుంది కాబట్టి జనం ఈలలు వేసిన పాటలకే డిస్కులో చోటు. వేదిక ఎత్తులో, కెమెరా కింద ఉంటే గాయని ముఖం కన్నా నడుమే తెర నిండా కనిపిస్తుంది. ఇనుల్ వేసుకునేవి ఒంటికి అతుక్కునే పొడుగు ప్యాంట్లు. కెందాంగ్ అనే డోలు దరువు వేగం పుంజుకున్నకొద్దీ నడుము గుండ్రంగా తిప్పుతూ మెల్లగా కిందికి దిగడం ఆమె స్టెప్పు. డ్రిల్లింగ్ మిషన్ తిరిగినట్టుందని దానికి ఆ పేరే స్థిరపడింది.

పైరసీ డిస్కులు బజారుల్లో లక్షల్లో అమ్ముడుపోయాయి. వాటి మీద ఆమెకు రాయల్టీ ఏమీ రాలేదు, పేరు మాత్రం వచ్చింది. జకార్తా టీవీ చానళ్లు ఆమెను పిలిచేనాటికే ఊరూరా ఆమె తెలుసు. అసలు మలుపు ఇదే. అంతవరకు ఎవరు పైకి రావాలో క్యాసెట్ కంపెనీలు, చానళ్లు తేల్చేవి. తొలిసారిగా ఆ నిర్ణయం వాటి చేయి దాటిపోయింది.

డాంగ్‌డుట్ కళాకారుల సంఘానికి పెద్దదిక్కయిన రోమా ఇరామా ఆమెను పిలిపించి మందలించారు, తన పాటలు పాడొద్దన్నారు. మతపెద్దలు కొందరు ఆయనతో గొంతు కలిపారు. కానీ దేశంలోని అతిపెద్ద ముస్లిం సంస్థకు ఏళ్ల తరబడి సారథ్యం వహించిన మాజీ అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఆమె పక్షాన నిలబడ్డారు. ఆమె భావప్రకటనా స్వేచ్ఛను కాలరాయొద్దన్నారు.

ఇక్కడ తేదీలు ముఖ్యం. ప్రసార చట్టం 2002 చివర్లో వచ్చింది. కమిషన్ తొలి సభ్యుల నియామకం జరిగింది 2003 చివర్లో. ఇనుల్ గొడవ సరిగ్గా ఈ రెంటి నడుమ చెలరేగింది. కమిషన్ పుట్టేసరికే టీవీ మీద ఏం చూపాలన్న చర్చ ఒక గాయని నడుము చుట్టూ బిగుసుకుపోయి ఉంది. 2012 నాటి ప్రసార ప్రమాణాల్లో శృంగారభరితమైన కదలికల మీద ఆంక్షలున్నాయి. పెద్దలకు మాత్రమే అన్న కార్యక్రమాలకు రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 3 వరకే వేళ. 2021లో 42 ఇంగ్లిష్ పాటలను కూడా ఆ వేళకే నెట్టారు.

ఈ నిబంధనలు మీరితే ముందు లిఖితపూర్వక హెచ్చరిక, ఆపైన కార్యక్రమం నిలిపివేత. శిక్ష ప్రసారమయ్యాక పడుతుంది కనుక చానళ్లు ముందే జాగ్రత్తపడతాయి: గాయనిని నడుము పైనుంచే చూపడం, మెడ కింద మసకబార్చడం. ఒక కార్టూన్‌లో ఉడుత వేసుకున్న ఈత దుస్తులను కూడా మసకబార్చారు. అలా చేయమని తాము చెప్పలేదని కమిషన్ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

మరో దారిలో అశ్లీలత నిరోధక చట్టం వచ్చింది. 2006లో ఆ బిల్లును వ్యతిరేకిస్తూ జరిగిన ప్రదర్శనలో పాల్గొన్నందుకు ఇనుల్ మీద బిల్లును సమర్థించేవాళ్లు విరుచుకుపడ్డారు, జకార్తా విడిచి పొమ్మన్నారు. 2008లో ఆమోదం పొందిన చట్టం అశ్లీలత నిర్వచనంలో శరీర కదలికలను కూడా చేర్చింది.

ఈలోగా డిస్కుల బేరం పడిపోయి న్యూ పల్లాపా, మొనాటా, సేరా వంటి తూర్పు జావా ఆర్కెస్ట్రాల కచేరీలు యూట్యూబ్‌కు ఎక్కాయి. తీసే పద్ధతి పెద్దగా మారలేదు. డిస్కు నిడివి అడ్డు తొలగడంతో పాటకో వీడియో వచ్చింది. ఎక్కువగా పాడేవి ఇతరుల పాటలు కాబట్టి హక్కుదారు క్లెయిమ్ చేస్తే ప్రకటనల డబ్బు అటే పోతుంది. 2022 ఆగస్టు 17న ఆన్‌లైన్‌లో పేరు తెచ్చుకున్న బాన్యువాంగి కుర్రాడు ఫారెల్ ప్రయోగ అధ్యక్ష భవనంలో పాడితే మంత్రులు లేచి చిందేశారు.

చానళ్ల బాధ వేరు. లైసెన్సులు, ఆంక్షలు తమకేనా, ప్రకటనలు మాత్రం యూట్యూబ్‌కా అంటాయి. 2020లో ఆర్‌సీటీఐ, ఐన్యూస్ అనే టీవీ చానళ్లు ఇదే వాదనతో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లాయి. వాళ్ల మాట నెగ్గితే ఫేస్‌బుక్ లైవ్ పెట్టే మామూలు మనిషికీ లైసెన్సు కావాల్సి వస్తుందని ప్రభుత్వమే కోర్టుకు చెప్పింది. 2021 జనవరిలో పిటిషన్ కొట్టేశారు.

కోర్టులో దొరకనిది 2024 మార్చి ముసాయిదాలో ప్రత్యక్షమైంది. డిజిటల్ వీడియోలను కేపీఐ ప్రమాణాల కిందికి తేవడంతోపాటు ప్రత్యేక పరిశోధనాత్మక కథనాల ప్రసారాన్ని నిషేధించే నిబంధన కూడా అందులో ఉంది. మే నెలలో పాత్రికేయులు వీధుల్లోకి వచ్చారు, ప్రెస్ కౌన్సిల్ తిరస్కరించింది, చర్చ వాయిదా పడింది.

ఇప్పుడు మళ్లీ తెరిచినవాళ్లు ముందు తేల్చాల్సింది అమలు సంగతి. కేపీఐ నిబంధనలు గడియారం మీద, లైసెన్సు మీద నిలబడ్డాయి. యూట్యూబ్ వీడియోకు రాత్రి పది గంటలు ఎక్కడివి? దేశంలోనే మూడు కాలమండలాలున్నాయి. పెళ్లి కచేరీ వీడియో మీద ఫిర్యాదు వస్తే నోటీసు ఎవరికి పంపాలి: పాడిన గాయనికా, ఆర్కెస్ట్రా యజమానికా, కెమెరామన్‌కా, దాన్ని మళ్లీ అప్‌లోడ్ చేసిన మూడో మనిషికా? టీవీలో ఆ చిరునామా లైసెన్సు మీదే ఉంటుంది.