జపాన్ నుంచి పాత పెర్ఫార్మెన్స్ కారు: అపోహలు - వాస్తవాలు

నిస్సాన్ స్కైలైన్, టొయోటా సుప్రా, మిత్సుబిషి ఎవో, మాజ్డా ఆర్ఎక్స్-7... వీటిలో ఒకదాన్ని జపాన్ నుంచి సొంతంగా తెప్పించుకోవాలని చూసే అమెరికాలోని మనవాళ్ల కోసం ఇది. ఇండియాకి తెద్దామనుకునేవాళ్లు నేరుగా చివరి అపోహకి వెళ్లినా చాలు. బండి ఓడ ఎక్కకముందే కాగితాల మీద జరిగే పొరపాట్ల వల్ల పోయే డబ్బే ఎక్కువ కాబట్టి, ఇంజన్ కంటే ముందు కాగితాల గురించి చెప్పుకుందాం.

అపోహ: 2001 మోడల్ కదా, 2026లో ఎప్పుడైనా దించుకోవచ్చు.

వాస్తవం: అమెరికా చట్టానికి మోడల్ ఇయర్‌తో పనిలేదు. బండి తయారైన నాటి నుంచి 25 ఏళ్లు పూర్తిగా నిండాలి. అది కూడా అమెరికా కస్టమ్స్‌లో ఎంట్రీ పడే రోజుకి నిండాలి, మీరు కొన్న రోజుకి కాదు. 2001 నవంబర్‌లో తయారైన బండి 2026 అక్టోబర్‌లో టకోమా రేవుకి చేరితే అది ఇంకా నిషేధంలో ఉన్న బండే. స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్ తయారీ 1999 జనవరిలో మొదలై 2002 ఆగస్టులో ఆగింది. అందుకే తొలి బండ్లకు 2024 జనవరిలోనే దారి తెరుచుకుంది, ఆఖరి బండ్లు 2027 ఆగస్టు దాకా ఆగాల్సిందే.

చిక్కంతా ఆ నెలను రుజువు చేయడంలో ఉంది. జపాన్ దేశీయ బండ్లకు 17 అంకెల విన్ (బండి గుర్తింపు సంఖ్య) ఉండదు. బీఎన్ఆర్34, జేజడ్ఏ80, ఎఫ్‌డీ3ఎస్ లాంటి మోడల్ కోడ్ పక్కన వరుస సంఖ్య ఉంటుంది, అదే ఛాసిస్ నంబర్. దాన్ని చూసి తయారీ నెల చెప్పలేం. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండేది మొదటిసారి రిజిస్టర్ అయిన నెల, అదీ జపాన్ పంచాంగం ప్రకారం. హేసేయ్ సంవత్సరానికి 1988 కలిపితే మన లెక్క వస్తుంది: హేసేయ్ 13 అంటే 2001. తయారైన తర్వాతే కదా బండి రిజిస్టర్ అయ్యేది, కాబట్టి ఆ నెలకి 25 ఏళ్లు నిండితే దిగులు లేదు, ఆ పత్రమే రుజువుగా పనికొస్తుంది. నిండకపోతే మాత్రం కంపెనీ విడిభాగాల కేటలాగ్‌లో ఛాసిస్ నంబర్ కొట్టి తయారీ నెల తీయించండి. సీట్ బెల్ట్ చీటీ మీద తేదీ ఉంటుంది గానీ అది బెల్ట్ తేదీ. అనుమానం తీర్చుకోవడానికి పనికొస్తుందే తప్ప అధికారి ముందు నిలబడదు.

ముందే కొని జపాన్‌లో గోడౌన్‌లో ఉంచేవాళ్లకి ఒక మాట. ఎగుమతి కోసం ఇచ్చే రిజిస్ట్రేషన్ రద్దు పత్రం 6 నెలలే చెల్లుతుంది. ఏడాది ఆగాల్సిన బండికి మామూలు తాత్కాలిక రద్దు చేయించి ఉంచండి. ఎగుమతి పత్రాన్ని ఓడ ఖాయమయ్యాక తీయించమని ఏజెంట్‌కి చెప్పండి.

అపోహ: 25 ఏళ్లు దాటితే ఎలా మార్చిన బండైనా రావచ్చు.

వాస్తవం: 25 ఏళ్ల లెక్క భద్రతా నిబంధనలది, దానికి హెచ్ఎస్-7 ఫారంలో 1వ గడి. పొగ సంగతి వేరే సంస్థ (పర్యావరణ సంస్థ ఈపీఏ) చూస్తుంది, ఫారం 3520-1, కోడ్ ఇ. అక్కడ 21 ఏళ్లు చాలు గానీ, బండి అసలు రూపంలో ఉండాలన్న షరతు ఉంది. నిస్సాన్ సిల్వియాలో స్కైలైన్ జీటీ-ఆర్ ఇంజన్ ఆర్‌బీ26 దించిన బండి ఫొటోలో అదిరిపోతుంది, కోడ్ ఇ కింద మాత్రం ఇబ్బంది పెడుతుంది. ఎగ్జాస్ట్, ఇంటర్‌కూలర్ లాంటివి మార్చి ఉంటే పాత భాగాలు కూడా బండితోపాటు దొరుకుతాయేమో అడగండి.

అపోహ: కెనడాలో 15 ఏళ్లే, అక్కడ కొని డాలస్‌కి తోలుకొచ్చేద్దాం.

వాస్తవం: 15 ఏళ్ల నియమం కెనడా వాళ్లకి. సరిహద్దు దాటే చోట మీరు అమెరికా నివాసి అయితే మళ్లీ 25 ఏళ్ల లెక్కే.

అపోహ: వేలం షీట్‌లో గ్రేడ్ 4 అంటే మంచి బండి, ఆర్ (ప్రమాదం తర్వాత రిపేర్ అయిన బండి) అంటే పక్కన పెట్టేయాలి.

వాస్తవం: జపాన్ వేలాల్లో సభ్యులే పాట పాడగలరు. చిబా ప్రాంతంలోని నోదాలో గురువారాలు జరిగే యూఎస్ఎస్ టోక్యో వేలం వీటిలో పెద్దది. బయటివాళ్లు ఎగుమతి ఏజెంట్ ద్వారానే కొనాలి. ఒక్కో బండి పాట సెకన్లలో ముగుస్తుంది, వెనక్కి ఇచ్చే వీలు దాదాపు లేదు. అందుకే ఏజెంట్‌కి గరిష్ఠ ధర ముందే చెప్పి, ఆవేశంలో పెంచవద్దని కూడా చెప్పాలి.

ఇన్‌స్పెక్టర్ ఒక్కో బండి మీద గడిపేది కొద్ది నిమిషాలు. బాడీ చూస్తాడు, ప్రమాదం జరిగిందా అని చూస్తాడు. రోడ్డు మీద తోలడు, ఇంజన్ కంప్రెషన్ కొలవడు. అంటే గ్రేడ్ ఇంజన్ ఆరోగ్యం గురించి చెప్పేది చాలా తక్కువ. పెర్ఫార్మెన్స్ కారు కొనేవాడికి కావలసిందేమో అదే!

ఇన్‌స్పెక్టర్ రాసిన షీట్‌లో గ్రేడ్ అంకె కంటే బండి బొమ్మ మీది గుర్తులు చూడండి. ఎ అంటే గీత, యు అంటే సొట్ట, డబ్ల్యు అంటే రిపేర్ చేసిన ఆనవాలు, ఎస్ అంటే తుప్పు, సి అంటే తుప్పు తినేసింది, ఎక్స్ఎక్స్ అంటే ఆ భాగం మార్చేశారు. పక్కనున్న 1, 2, 3 అంకెలు తీవ్రత. బానెట్‌కీ ముందు ఫెండర్‌కీ ఎక్స్ఎక్స్ ఉండి, పక్కనే డబ్ల్యు2, డబ్ల్యు3 వరుసగా కనిపిస్తే ముందు భాగం గట్టిగానే తగిలింది. ఫెండర్, బానెట్ బోల్టులతో బిగించేవి కాబట్టి వాటిని మార్చినంత మాత్రాన బండి ఆర్ కాదు. రేడియేటర్ ముందున్న ఫ్రేమ్, పిల్లర్, ఫ్లోర్ లాంటి నిర్మాణ భాగాలకు పని జరిగితేనే ఆర్ లేదా (చిన్న రిపేర్ అయితే) ఆర్ఏ వేస్తారు.

తుప్పు పట్టిన 4 కంటే శుభ్రంగా బాగుచేసిన ఆర్ఏ మేలు. హొక్కాయిడో, తొహోకు లాంటి మంచు ప్రాంతాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు బండిని కిందనుంచి తినేస్తుంది, పైన రంగు మాత్రం మెరుస్తూనే ఉంటుంది. స్కైలైన్లలో ముందు స్ట్రట్ టవర్లు, వెనక చక్రాల ఆర్చ్‌లు, సిల్స్, జాకీ పెట్టే చోట్లు చూడాలి. షీట్‌లో చేత్తో రాసిన ప్రతి వరుసనూ అనువదించమని ఏజెంట్‌ని అడగండి. కింది భాగం తుప్పు, ఆయిల్ కారడం, ఇంజన్ శబ్దం లాంటివన్నీ అక్కడే ఉంటాయి. వేలానికి ముందు విడిగా మనిషిని పంపి చూపించుకునే ఖర్చు చిన్నదే. చల్లారిన ఇంజన్‌ని స్టార్ట్ చేసిన వీడియో, కింది భాగం ఫొటోలు, స్ట్రట్ టవర్ దగ్గరి ఫొటోలు కావాలని ముందే రాసి ఇవ్వండి.

కిలోమీటర్ల మీద నమ్మకం కొంచెం తగ్గించుకోండి. ఈ తరం బండ్లలో 180 వరకే ఉండే స్పీడ్ మీటర్ తీసేసి 320 వరకు ఉండే ట్యూనింగ్ మీటర్ పెట్టడం మామూలు. అప్పుడు లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. షీట్‌లో అంకె పక్కన నక్షత్రం గానీ డాలర్ గుర్తు గానీ ఉంటే ఆ అంకెను లెక్కలోకి తీసుకోకండి. ఇక డీలర్ దగ్గర కొంటున్నవాళ్లకి అతను పంపే షీట్ ఫొటో సాక్ష్యం కాదు, అందులో గ్రేడ్ దిద్దడం క్షణాల పని. ఛాసిస్ నంబర్, వేలం తేదీ, లాట్ నంబర్ ఇచ్చి అసలు షీట్‌ని వేరే ఏజెంట్‌తో తీయించండి.

అపోహ: వేలంలో పలికిన ధరకి ఓడ ఖర్చు కలిపితే లెక్క అయిపోయింది.

వాస్తవం: అలా అనుకుంటే చివరికి తడిసి మోపెడవుతుంది. లెక్క తేలిగ్గా ఉండేందుకు డాలర్‌కి 150 యెన్ అనుకుందాం. 30 లక్షల యెన్‌కి పాట పాడారు, అంటే 20,000 డాలర్లు. వేలం ఫీజు, ఏజెంట్ కమీషన్, రేవు దాకా రవాణా కలిపి ఇంకో 1,000 వేసుకోండి. ఓడ ఎక్కే చోటికి విలువ 21,000. అమెరికా కస్టమ్స్ సుంకం ఈ విలువ మీదే వేస్తుంది, సముద్ర రవాణా, బీమా అందులోకి రావు. కారుకి మూల సుంకం 2.5 శాతం, అంటే 525 డాలర్లు. ప్రాసెసింగ్ ఫీజు 0.3464 శాతం, సుమారు 73. రేవు నిర్వహణ ఫీజు 0.125 శాతం, సుమారు 26. పికప్ ట్రక్ అయితే మూల సుంకమే 25 శాతం, ఆ తేడా మరిచిపోవద్దు. 2025 నుంచి అదనపు సుంకాలు పలుమార్లు మారాయి. 25 ఏళ్లు దాటిన బండ్లకు వాహనాల అదనపు సుంకం నుంచి మినహాయింపు ఉంది గానీ, ఎంట్రీ రోజున ఏ కోడ్ కింద వేస్తున్నారో బ్రోకర్‌తో రాతపూర్వకంగా తీసుకోండి.

వీటి మీద సముద్ర రవాణా, బీమా, కస్టమ్స్ బాండ్, బ్రోకర్ ఫీజు, రేవు ఖర్చులు, రేవు నుంచి ఇంటికి ట్రక్. కస్టమ్స్ వాళ్లు కంటైనర్‌ని తనిఖీకి పిలిస్తే ఆ ఖర్చూ మీదే. సొంతంగా కాగితాలు వేసుకునేవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసేది ఐఎస్ఎఫ్ (వచ్చే సరుకు వివరాలు కస్టమ్స్‌కి ముందే ఇచ్చే దాఖలు) దగ్గర. కంటైనర్ ఓడలోకి ఎక్కడానికి 24 గంటల ముందే ఇది దాఖలు కావాలి. ఆలస్యమైతే 5,000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు.

రోరో ఓడలో, అంటే బండిని నడిపి ఎక్కించే ఓడలో, ఖర్చు తక్కువ. కానీ లోపల విడి చక్రాలు, సీట్లు, టర్బోలు పెట్టి పంపకండి. అలాంటివి కావాలంటే కంటైనర్, వాటిని ఇన్‌వాయిస్‌లో విడిగా చూపించాలి. ఓడ ఎక్కేముందు కింది భాగాన్ని ఆవిరితో కడిగించండి, ఫెండర్ లోపల విదేశీ మట్టి దొరికితే రేవులోనే ఆపేస్తారు.

అపోహ: కస్టమ్స్ దాటితే బండి రోడ్డెక్కినట్టే.

వాస్తవం: రోడ్డు మీదికి అనుమతించేది రాష్ట్రం. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు డబ్బు కట్టకముందే ఆగి ఆలోచించాలి. 1975, అంతకు ముందు మోడళ్లకు తప్ప, నేరుగా దిగుమతి చేసిన బండి గుర్తింపు పొందిన ల్యాబ్‌లో మార్పులు చేయించుకుని పొగ పరీక్ష పాసవ్వాలి. దానికి వేల డాలర్లు అవుతాయి. పక్క రాష్ట్రంలో కాగితం కంపెనీ పెట్టి నంబర్ ప్లేట్ తెచ్చుకుని బే ఏరియాలో తిరిగే సలహా ఇచ్చేవాళ్లుంటారు. మేమైతే ఇవ్వం. నివాసం ఒకచోట, ప్లేట్ ఒకచోట అని తేలితే బీమా కంపెనీ క్లెయిమ్‌కి ఎగనామం పెట్టడానికి అదొక్కటి చాలు.

ఎక్కడైనా సరే నాలుగు కాగితాలు జన్మంతా దాచాలి: జపాన్ ఎగుమతి పత్రం, దాని ఇంగ్లిష్ అనువాదం, కస్టమ్స్ ఎంట్రీ ఫారం 7501, హెచ్ఎస్-7. రిజిస్ట్రేషన్‌కీ, తర్వాత అమ్మేటప్పుడూ ఇవే అడుగుతారు. బీమా కంపెనీల వెబ్‌సైట్లు 17 అంకెల విన్ లేకపోతే ముందుకే పోనివ్వవు. ఫోన్ చేసి, ముందుగా ఒప్పుకున్న విలువ చెల్లించే పాలసీ అడగండి. మామూలు పాలసీలో పాతికేళ్ల బండికి ఇచ్చేది ఒక టైర్ సెట్‌కి సరిపోతే గొప్ప.

హెడ్‌లైట్లు కూడా మార్చాలి. జపాన్‌లో ఎడమ పక్క నడుపుతారు కాబట్టి డిప్ వెలుగు ఎడమ వైపు పైకి లేస్తుంది. అమెరికా రోడ్డు మీద అది ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ఎఫ్ఎం రేడియో మాత్రం వదిలేయండి, అందులో ఇక్కడి స్టేషన్లు ఎలాగూ సరిగ్గా దొరకవు.

అపోహ: జపాన్ ఇంజన్ కదా, దించగానే పరుగే.

వాస్తవం: ముందు పెట్రోలు సంగతి. జపాన్‌లో ప్రీమియం సాధారణంగా 98 నుంచి 100 ఆర్ఓఎన్ (ఆక్టేన్ కొలత). అమెరికా పంపు మీద రాసే 93 వేరే కొలత, అది దాదాపు 98 ఆర్ఓఎన్‌కి సమానం. కాలిఫోర్నియా, అరిజోనాల్లో దొరికే 91 దాదాపు 96 మాత్రమే. జపాన్ ట్యూనర్ ఆ 100 మీద చేసిన ఈసీయూతో (ఇంజన్ కంప్యూటర్‌తో) ఇక్కడి ఎండలో బూస్ట్ (టర్బో పీడనం) నింపి తొక్కితే నాక్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) వచ్చి పిస్టన్ పోతుంది. బూస్ట్ తగ్గించి, ఇక్కడి పెట్రోలు మీద మళ్లీ ట్యూన్ చేయించేదాకా నెమ్మదిగా నడపండి. కాగితం మీది 280 హార్స్‌పవర్ కూడా నమ్మదగ్గది కాదు. 2004 దాకా కంపెనీలన్నీ అంతకంటే ఎక్కువ ప్రకటించకూడదని తమలో తాము అనుకున్న అంకె అది.

ఆర్‌బీ26లో టర్బో టర్బైన్ చక్రాలు సిరామిక్. బూస్ట్ సుమారు 1 బార్ దాటిస్తే అవి పగిలే ప్రమాదం ఉంది. తొలి ఆర్32 ఇంజన్లలో ఆయిల్ పంపుని తిప్పే క్రాంక్ భాగం సన్నం, ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర పంపు గేరు పగులుతుంది. ఎవోల్లో వెనక చక్రాలకు శక్తి పంచే ఏవైసీ పంపు పాడవుతుంటుంది. ఎఫ్‌డీ ఆర్ఎక్స్-7ది పిస్టన్లు లేని రోటరీ ఇంజన్, దానికి మామూలు కంప్రెషన్ గేజ్ పనికిరాదు, రోటర్ మూడు ముఖాల అంకెలూ విడివిడిగా చూపించే మీటర్ కావాలి. రెండు రోటర్లకీ కలిపి ఆరు అంకెలు ఇవ్వలేని అమ్మకందారుతో బేరం అక్కడితో ఆపేయొచ్చు.

బండి ఏదైనా సరే ముందు టైమింగ్ బెల్ట్, టెన్షనర్ (అవి ఉన్న ఇంజన్లలో), వాటర్ పంపు, అన్ని ఆయిళ్లు, బ్రేక్ హోసులు, పెట్రోలు హోసులు మార్చేయండి. బెల్ట్ 1 లక్ష కిలోమీటర్లకి మార్చామని చెప్పే స్టిక్కర్ ఇంజన్ కవర్ మీద ఉంటే సంతోషమే, కానీ తేదీ చూడండి. పదిహేనేళ్ల కిందటి కొత్త బెల్ట్ కొత్తది కాదు.

అపోహ: హైదరాబాద్‌కి కూడా ఇలాగే తెప్పించుకోవచ్చు, డ్యూటీ కడితే చాలు.

వాస్తవం: ఇండియాలో వాడిన కారు దిగుమతికి ప్రధాన షరతు వయసు, తయారై 3 ఏళ్లు మించకూడదు. స్టీరింగ్ కుడి వైపు ఉండాలన్న షరతు జపాన్ బండికి ఇబ్బంది కాదు గానీ, సుంకాలు, పన్నులు కలిపితే బండి ధరకంటే ఎక్కువవుతాయి. 25 ఏళ్ల ఆర్34కి ఈ దారిలో చోటే లేదు. పాతకాలపు బండ్లకు మినహాయింపు 50 ఏళ్లు దాటిన వాటికి.

కార్నెట్ మీద గల్ఫ్ నుంచి వచ్చిన బండి తిరిగి వెళ్లాల్సిందే, అది తాత్కాలిక అనుమతి. దాన్ని ఇండియాలో ‘చవకగా’ కొంటే దొంగ సరుకు కొన్నట్టే. ఎవరైనా జపాన్ బండి అమ్ముతామంటే మొదట బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దిగుమతి పత్రం) అడగండి, అందులోని ఛాసిస్ నంబర్‌ని బండి మీద చెక్కిన నంబర్‌తో మీ కళ్లతో మీరే పోల్చుకోండి. రెండు ముక్కలుగా కోసి విడిభాగాలుగా దింపి మళ్లీ అతికిన బండ్లకు ఈ కాగితం ఉండదు, స్థానిక బండి ఆర్‌సీ మీద తిరుగుతుంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. పట్టుబడితే బండి పోతుంది, దాని మీద కట్టిన బీమా పనికిరాదు.