మామిడి పిందె రాలుతోందని కంగారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మార్చి వచ్చిందంటే మామిడి రైతుల నుంచి ఒకటే ఫోను: "సార్, పిందె రాలిపోతోంది, ఏం కొట్టమంటారు?" ఆ టెన్షన్ నాకు తెలుసు. కానీ మందు కొనేముందు ఇది చదవండి.

అపోహ: ఆకులు, పిందెలు గాలికి ఊడిపోతాయి.

వాస్తవం: రాల్చేది చెట్టే. పెళ్లి పందిరి మీద వేసిన మామిడి కొమ్మలు చూడండి. ఆకులు ఎండి గలగలలాడతాయి గానీ కొమ్మను వదలవు. ఎందుకంటే రాల్చడానికి చెట్టు బతికి ఉండాలి. తొడిమ మొదట్లో సన్నటి కణాల పొర ఒకటి ఉంటుంది. పిందె బాగున్నంతకాలం దాని నుంచి ఆక్సిన్ అనే హార్మోను దిగుతూ ఆ పొరను గట్టిగా ఉంచుతుంది. ఆక్సిన్ తగ్గి, రాలడాన్ని ప్రేరేపించే ఇథిలీన్ అనే మరో హార్మోను ఎక్కువైతే, అక్కడ ఎంజైములు తయారై కణాలను అతికించి ఉంచే జిగురును కరిగించేస్తాయి. అప్పుడు చిన్న గాలి చాలు. రాలిన చోట బెరడులాంటి పొర ఏర్పడి గాయం మూసుకుంటుంది. వేపచెట్టు ఆకు రాల్చేదీ ఇలాగే. పైగా పండుటాకులోని నత్రజనిని చాలావరకు ముందే వెనక్కి లాక్కుంటుంది. ఎన్నేళ్లు చూసినా నాకు ఇది ఆశ్చర్యమే.

అపోహ: పూతంతా నిలిస్తేనే మంచి కాపు.

వాస్తవం: ఒక్కో పూగుత్తిలో వందల నుంచి వేల పూలుంటాయి. చాలావరకు మగపూలే, వాటికి కాయ పట్టదు. మొత్తం పూలలో కోతకు వచ్చేది నూటికి ఒకటి కూడా ఉండదు. అన్నిటినీ పెంచే శక్తి ఏ చెట్టుకూ లేదు.

అపోహ: పిందె రాలిందంటే తెగులే.

వాస్తవం: రాలిన పిందెలు పది ఏరి, కోసి చూడండి. మచ్చలు, పురుగు తొలిచిన గుర్తులు ఉంటే అప్పుడు మందు సంగతి ఆలోచిద్దాం. పూగుత్తుల మీద తేనెమంచు పురుగు, బూడిద తెగులు ఉన్నాయేమో కూడా చూడండి. ఇవేవీ లేకపోతే నేల తడి చూడండి. పిందె బఠాణీ గింజంత అయ్యాక నీటి ఎద్దడి వస్తే చెట్టు ముందు వదిలించుకునేది పిందెనే. పూత రాకముందు మాత్రం నీళ్లు పెట్టొద్దు, పూతకు బదులు చిగుర్లు వేస్తుంది.

అపోహ: పిందె రాలకుండా కొట్టే ప్లానోఫిక్స్ మందు డోసు పెంచితే పిందె ఇంకా బాగా నిలుస్తుంది.

వాస్తవం: 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. చాలు. అందులో ఉన్నది ఆక్సిన్ లాంటి హార్మోనే. మోతాదు మించితే చెట్టులో ఇథిలీన్ పెరిగి ఉన్న పిందె కూడా రాలుతుంది. ఆపిల్ తోటల్లో ఎక్కువైన పిందెలను పలచన చేయడానికి కావాలని కొట్టేది ఈ హార్మోనునే.