కొబ్బరి మానూ, సీల్ మీసమూ

తొమ్మిదో తరగతికి ఆహార జాలకం పాఠం చెబుతున్నాను. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. పుస్తకాల్లో ఎప్పుడూ ఇదే బొమ్మ. బారువ నుంచి వచ్చే ఒకమ్మాయి లేచి నిలబడింది. "మాస్టారూ, మా నాన్న కోనాం పొట్ట కోసి అదేం తిన్నదో చెప్పేస్తాడు. మంచు సముద్రంలో ఎవరు ఎవర్ని తింటున్నారో చూడ్డానికి అక్కడ పొట్టలు ఎవరు కోశారు?"

పొట్ట కోస్తే తెలిసేది చివరి భోజనం ఒక్కటే. పోయిన ఏడాది ఆ చేప ఏం తిన్నదో పొట్టలో ఉండదు. ధ్రువాల దగ్గర చలికాలమంతా చీకటి, నీటి మీద మంచు పలక. పరిశోధన ఓడలు వెళ్ళేది ఎక్కువగా వేసవిలోనే. ఆ చీకటి నెలల్లో కూడా మంచు కింద ఈదుతూ వేటాడేవి సీళ్ళూ తిమింగలాలూ. 2 కిలోమీటర్ల లోతు దాటి మునగగల దక్షిణ ఏనుగు సీల్ తల మీద చిన్న పరికరాన్ని జిగురుతో అంటిస్తే, అది నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలుస్తుంది. సీల్ ఊపిరికి పైకి తేలినప్పుడు ఆ లెక్కలు ఉపగ్రహానికి పంపుతుంది. ఏడాదికోసారి బొచ్చు రాలేటప్పుడు పరికరమూ రాలిపోతుంది. ఇదీ గొప్ప పనే. కానీ నన్ను పట్టేసింది పరికరం కాదు, ఆ జంతువు ఒంటి మీదే ఉన్న రికార్డు. మీసం.

మా ఉద్దానం పిల్లలకి దీన్ని చెప్పడానికి కొబ్బరి మానును మించిన పోలిక నాకు దొరకలేదు. మట్ట రాలిన చోటల్లా మాను మీద అడ్డంగా ఒక మచ్చ మిగులుతుంది. ఏడాదికి సుమారు 12 మట్టలు, 12 మచ్చలు. మామిడి, వేప లావెక్కినట్టు కొబ్బరి మాను ఏటా లావెక్కదు, బెరడు కట్టుకోదు. అందుకే పాత మచ్చ చెరిగిపోదు. నీళ్ళు సరిపడా దొరికిన ఏడాది మచ్చల మధ్య దూరం ఎక్కువ. కరువు ఏడాది మచ్చలు దగ్గరపడతాయి, మాను ఆ మేర సన్నబడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా వైపు తోటలు నేలమట్టమైనప్పుడు పడిపోయిన మానుల మధ్య నడుస్తూ ఈ మచ్చలు చూశాను. సన్నబడ్డ చోటుని చూపించి "దిష్టి తగిలింది" అన్నారు కొందరు. అది దిష్టి కాదు. ఆ చెట్టు దాహంతో గడిపిన కాలం అక్కడ రాసి ఉంది.

సీల్ మీసమూ ఇలాంటిదే. మన గోరూ వెంట్రుకా తయారైన కెరాటిన్‌తోనే అదీ తయారవుతుంది. ఒకసారి చర్మం దాటి బయటికొచ్చాక దానిలో రక్తం ఉండదు, మార్పు ఉండదు. పెరిగిన రోజుల్లో ఆ జంతువు తిన్న తిండిలోని పరమాణువులు అలాగే నిలిచిపోతాయి. తేడా ఒక్కటే. కొబ్బరి చెట్టు కొన నుంచి పెరుగుతుంది కాబట్టి పాత కాలం కింద ఉంటుంది. మీసం మొదలు నుంచి పెరుగుతుంది కాబట్టి పాత కాలం కొసన ఉంటుంది. అంటార్కిటిక్ ఫర్ సీల్ మీసం ఏళ్ళ తరబడి ఊడదు. దాన్ని కొన్ని మిల్లీమీటర్ల ముక్కలుగా కోస్తే ఒక్కో ముక్క ఒక్కో కాలం.

ముక్కలో చదివేది ఏమిటి? ముందు నైట్రోజన్. ప్రతి 10 లక్షల నైట్రోజన్ పరమాణువుల్లో సుమారు 3,660 కాస్త బరువైనవి, నైట్రోజన్-15. మిగతావన్నీ నైట్రోజన్-14. జంతువు శరీరం మూత్రంలో తేలికదాన్ని కొంచెం ఎక్కువగా వదిలేస్తుంది, బరువైనది కొంచెం ఎక్కువగా ఒంట్లో ఉండిపోతుంది. దాన్ని తిన్న జంతువులో మళ్ళీ ఇదే జరుగుతుంది. ఆహార గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ఈ నిష్పత్తి వెయ్యికి 3 నుంచి 4 పాళ్ళు పెరుగుతుంది. అంటే 10 లక్షల్లో 3,660 ఉన్న చోట ఓ డజను ఎక్కువ! ఆ డజనుని పట్టుకునే యంత్రం మాస్ స్పెక్ట్రోమీటర్. క్రిల్ అనే రొయ్యలాంటి ప్రాణిని తినే సీల్ చేపలకి మళ్ళితే, మీసంలో ఆ నెలల ముక్క దగ్గర నైట్రోజన్-15 పెరిగి కనిపిస్తుంది.

ఇక కార్బన్. దీనికి మా రేవులో చేపల బేరం చూస్తే చాలు. పడవలు నిండుగా వచ్చిన రోజు ఆడవాళ్ళు ఏరి ఏరి కొంటారు. ఒక్క బుట్టే వచ్చిన రోజు ఏరుకోవడం ఉండదు, ఉన్నదంతా పోతుంది. సముద్రంలో నాచు కణాలూ అంతే. వాటికి తేలికైన కార్బన్-12 ఇష్టం. చుట్టూ కార్బన్ డయాక్సైడ్ పుష్కలంగా ఉంటే కార్బన్-12నే ఏరుకుంటాయి. మంచు పలకలోపల సన్నటి ఉప్పునీటి గొట్టాల్లో బతికే నాచుకి ఆ అవకాశం లేదు. నీరు ఎక్కడికీ కదలదు, సరుకు అయిపోతుంది, బరువైన కార్బన్-13ని కూడా తీసుకోవాల్సిందే. కాబట్టి మంచు నాచులో కార్బన్-13 ఎక్కువ. ఈ గుర్తు మెట్టు మెట్టుకీ పెద్దగా మారదు, నాచు నుంచి క్రిల్‌కి, క్రిల్ నుంచి సీల్‌కి దాదాపు అలాగే చేరుతుంది. ఆ సీల్ బతుకు మంచు మీద ఎంత ఆధారపడిందో మీసమే చెబుతుంది. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు 34 లక్షల చదరపు కిలోమీటర్లకి, 2023 ఫిబ్రవరిలో అంటార్కిటిక్ మంచు 18 లక్షల లోపుకి తగ్గాయి. మంచు తగ్గితే దాని కింద వంటిల్లు ఏమవుతుందన్నది చిన్న ప్రశ్న కాదు. క్రిల్ పిల్లలకి చలికాలంలో ఆ మంచు అడుగున నాచే ముఖ్యమైన తిండి.

గోళ్ళూ వెంట్రుకలూ పరాయివాళ్ళ చేతిలో పడకూడదు, చేతబడి చేస్తారు అని మా పల్లెల్లో ఇప్పటికీ భయపడతారు. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టిన సంగతులు విన్నాను. అందుకే క్లాసులో ఇది కచ్చితంగా చెబుతాను. వెంట్రుకతో ఎవరూ ఎవరికీ హాని చెయ్యలేరు. వెంట్రుక నుంచి తెలుసుకోగలిగింది ఆ మనిషి ఏం తిన్నాడు, ఏ నీళ్ళు తాగాడు అన్నది.

మీసం కన్నా పొడుగైన పుస్తకం బోహెడ్ తిమింగలం నోట్లో ఉంది. పళ్ళకి బదులు దువ్వెనలాంటి కెరాటిన్ పలకలు, 4 మీటర్ల దాకా పెరుగుతాయి. అలాస్కా వైపు బోహెడ్‌లు చలికాలం బేరింగ్ సముద్రంలో ఉంటాయి, వేసవిలో దానికి ఉత్తరాన ఉన్న బోఫోర్ట్ సముద్రంలో. రెండు చోట్ల తిండిలో కార్బన్ వేరు కాబట్టి పలక పొడవునా ఏడాదికో అల కనిపిస్తుంది. కొబ్బరి మచ్చల్లా లెక్కపెట్టుకోవచ్చు. అలాస్కా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ షెల్ ఇలాంటి పలకలతో 1947 నుంచి 1997 దాకా 50 ఏళ్ళ చరిత్ర చదివాడు. కార్బన్-13 తగ్గుతూ వచ్చింది. నాచు చురుగ్గా పెరిగితే ఏరుకునే తీరిక ఉండదు, కార్బన్-13 పెరుగుతుంది. తగ్గిందంటే నాచు పెరుగుదలే మందగించింది, బేరింగ్ సముద్రం పోషించే శక్తి తగ్గింది అని 2000లో రాశాడు.

మరుసటి ఏడాదే ఇతర శాస్త్రవేత్తలు అడ్డుచెప్పారు. మనం కాల్చే బొగ్గూ పెట్రోలూ కార్బన్-13 తక్కువున్న వాయువుని వదులుతాయి, అది సముద్రంలో కలుస్తుంది. పైగా నీటిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగింది, అంటే రేవులో బుట్టలు పెరిగాయి. బుట్టలు పెరిగితే ఏరుకోవడమూ పెరుగుతుంది. నాచు ఏమీ మందగించకుండానే కార్బన్-13 తగ్గొచ్చు! నాకు ఈ వాదం చాలా ఇష్టం. మాను సన్నబడితే చెట్టుకి జబ్బా, నేల మారిందా అన్నదే ప్రశ్న.

నైట్రోజన్‌కీ ఇదే చిక్కు. ఆహార గొలుసు అడుగు మెట్టైన నాచులోనే నైట్రోజన్-15 పెరిగితే సీల్ తిండి మారకపోయినా మీసం మారుతుంది. దీనికో దారి దొరికింది. మీసాన్ని మొత్తంగా కాకుండా, కెరాటిన్ లాంటి ప్రోటీన్లకి ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలుగా విడగొడతారు. వాటిలో ఒకటైన ఫినైల్ అలనైన్‌లో నైట్రోజన్-15 మెట్లెక్కినా దాదాపు మారదు, నాచులో ఎంతో సీల్‌లోనూ సుమారు అంతే. ఇంకొకటైన గ్లూటమిక్ ఆమ్లంలో మాత్రం మెట్టు మెట్టుకీ పెరుగుతుంది. మొదటిది నేల సంగతి చెబుతుంది. రెండింటి మధ్య తేడా, సీల్ ఎన్నో మెట్టు మీద ఉందో చెబుతుంది. ఒకే మీసం ముక్కలో రెండు జవాబులూ ఉన్నాయి.

ఇవన్నీ చెప్పాక ఆ అమ్మాయినీ ఇంకో నలుగుర్నీ బడి వెనక కొబ్బరి చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాను. చెయ్యి అందినంత వరకూ మచ్చలు లెక్కపెట్టి, తలెత్తి మట్టల వైపు చూసింది. "మరి ఇంకా రాలని మట్టల లెక్క, మాస్టారూ?"

సీల్‌కీ సరిగ్గా అదే ఇబ్బంది. చర్మం పైకి కత్తిరించిన మీసంలో చివరి రోజుల కథ ఉండదు, అది ఇంకా చర్మం కిందే ఉంటుంది. ఆ కథ కూడా కావాలంటే సీల్‌కి మత్తుమందు ఇచ్చి, ఒక్క మీసాన్ని వేరుతో సహా పీకాలి.