పులుసులో ఉప్పు, కంపెనీల లెక్క

"సిమెంటు కంపెనీ ఒకటి గాలిమరల కంపెనీని కొనేస్తే, దాని కాలుష్యం తగ్గినట్టేనా?" అని కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు అడిగారు. జవాబు వంటింట్లో ఉంది.

మొన్న మా ఇంట్లో పులుసులో ఉప్పు ఎక్కువైంది. అమ్మ ఇంకో గ్లాసు నీళ్ళు పోసి మరిగించింది. రుచి కుదిరింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి మా కడుపుల్లోకి వెళ్ళిన ఉప్పు మాత్రం అంతే.

షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం ప్రకారం పెద్ద లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ, సామాజిక బాధ్యతల మీద ఏటా ఇచ్చే బీఆర్‌ఎస్‌ఆర్ నివేదికలో, గ్రీన్‌హౌస్ వాయువులు మొత్తం ఎన్ని టన్నులు వదిలారో ఉంటుంది. టర్నోవర్‌లో, అంటే ఏడాది అమ్మకాల్లో, రూపాయికి ఎంతో కూడా ఉంటుంది. ఈ రెండోదే మన పులుసు రుచి. ఊహకి ఒక సిమెంటు కంపెనీని తీసుకుందాం. టర్నోవర్ 10,000 కోట్లు, ఉద్గారాలు 80 లక్షల టన్నులు. కోటికి 800 టన్నులన్నమాట. అది 2,000 కోట్ల టర్నోవర్ ఉన్న గాలిమరల కంపెనీని కొంది. దాని ఉద్గారాలు దాదాపు సున్నా. ఇప్పుడు 80 లక్షల్ని 12,000తో భాగించండి. కోటికి 667! ఒక్క సంతకంతో ఆరో వంతు తగ్గిపోయింది, కొలిమిలో ఏమీ మారకుండానే. లవం అక్కడే ఉంది, హారం పెరిగింది. భిన్నాలు నేర్పేటప్పుడు పిల్లల చేత కొట్టివేతలు చేయిస్తాం గానీ, "విలువ తగ్గిందంటే పైది తగ్గిందా, కిందిది పెరిగిందా?" అని అడగం. అడిగి తీరాలి.

మన హైదరాబాద్ కంపెనీ మైత్రా ఎనర్జీకి చెందిన సుమారు 1,750 మెగావాట్ల గాలి, సౌర విద్యుత్ ప్లాంట్లు 2023లో జేఎస్‌డబ్ల్యూ ఎనర్జీ చేతికి వెళ్ళాయి. ముందురోజు తిరిగిన రెక్కలే మర్నాడూ తిరిగాయి. ఇలాంటి అమ్మకాలు తప్పని కాదు. అమ్మినవాళ్ళు ఆ డబ్బుతో కొత్త మరలు నిలబెడితే గాలికి నిజంగా మేలే.

సిమెంటుకి ఇంకో చిక్కుంది. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే కాల్షియం కార్బొనేట్ విడిపోయి, కాల్షియం ఆక్సైడ్ మిగిలి, కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది. 100 కిలోల శుద్ధమైన రాయికి 44 కిలోల వాయువు. సిమెంటు ఉద్గారాల్లో సగానికి పైగా ఇదే. కరెంటు గాలిదైనా బొగ్గుదైనా ఆ 44 కదలదు. ఫ్లైయాష్ (బొగ్గు కాలాక మిగిలే బూడిద), స్లాగ్ (ఇనుము తయారీలో మిగిలే వ్యర్థం), కాల్చిన బంకమట్టి కలిపి, క్లింకర్ (రాయి కాలాక కొలిమిలోంచి వచ్చే గడ్డలు) వాడకం తగ్గిస్తే, కాల్చే రాయి తగ్గి వాయువూ తగ్గుతుంది. ఆ పని తెలిసిన కంపెనీని కొని, దాని ఇంజనీర్లని తాండూరులో కొలిమి దగ్గరికి పంపితే లవం తగ్గుతుంది. కొని ఊరుకుంటే తగ్గదు. దిష్టి గుమ్మడికాయ కట్టినంత మాత్రాన ఇంటి పునాది గట్టిపడదు కదా.

గ్రీన్‌హౌస్ వాయువుల లెక్కకి కంపెనీలు పాటించే నియమావళి జీహెచ్‌జీ ప్రోటోకాల్‌లో దీనికి చక్కని ఉపాయం ఉంది. నాకు భలే ఇష్టమైనది. ఇంకో సంస్థని కలుపుకుంటే, పోల్చి చూసే పాత సంవత్సరం ఉద్గారాల్లోనూ దాని వాటా కలపాలి. ప్లాంటు అమ్మేస్తే అక్కణ్ణుంచీ తీసెయ్యాలి. టర్నోవర్‌కీ అదే పద్ధతి పెట్టి, మన సిమెంటు కంపెనీ పాత లెక్కలో ఆ 2,000 కోట్లు కలపండి. పోయినేడాదీ 667, ఈ ఏడాదీ 667.