చివరి చాప్టర్‌గా వచ్చిన సౌరవిద్యుత్తు

బెంగళూరు ఇంజనీరింగ్ కాలేజీల్లో సౌర, పవన విద్యుత్తు పాఠం చాలామందికి ఇప్పటికీ ఒక ఓపెన్ ఎలెక్టివే, అంటే ఏ బ్రాంచి వాళ్లైనా ఎంచుకోగల పేపరే. "మార్కులు ఈజీగా పడతాయి సార్" అని కంప్యూటర్స్ పిల్లలు కూడా తీసుకుంటారు. దీని వెనక యాభై ఏళ్ల కథ ఉంది.

1973లో అరబ్ దేశాలు చమురు బిగించాయి. కొద్ది నెలల్లోనే ధర నాలుగింతలైంది. మరుసటి ఏడాది ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమూల్య రెడ్డి అనే శాస్త్రవేత్త, పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం 'ఆస్ట్రా' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. తుమకూరు జిల్లా పల్లెల్లో గోబర్ గ్యాస్, పొగ తక్కువొచ్చే పొయ్యి లాంటివి పెట్టి చూశారు. గొప్ప పనే, కానీ పరిశోధకుల పని. బీఈ క్లాసుదాకా రాలేదు. ఢిల్లీలో ఇలాంటి ఇంధనాల కోసం 1982లో విడిగా ఒక ప్రభుత్వ విభాగం, 1992లో మంత్రిత్వ శాఖ వచ్చాయి. మా చదువులో మాత్రం ఇది పవర్ ప్లాంట్ పుస్తకం చివర్న 'సంప్రదాయేతర ఇంధన వనరులు' అనే చాప్టర్. పరీక్షకు ముందు వదిలేసేది కూడా అదే.

ఇంకో చిక్కుంది. నీళ్ల హీటర్ మెకానికల్ వాళ్లది, ప్యానెల్ ఎలక్ట్రికల్ వాళ్లది, గ్యాస్ కెమికల్ వాళ్లది. మరి ల్యాబుకు డబ్బు ఏ డిపార్ట్‌మెంటు అడగాలి? నేను పనిచేసిన ఒక కాలేజీలో ఈ ఒక్క ప్రశ్న మీదే రెండేళ్లు గడిచాయి.

2010లో కేంద్ర ప్రభుత్వ సోలార్ మిషన్ వచ్చింది. అప్పటి లక్ష్యం 20,000 మెగావాట్లు, 2015లో దాన్ని లక్షకు పెంచారు. తుమకూరు జిల్లా పావగడలో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు లేచింది. అక్కడి ఊళ్లలో తెలుగు బాగా నడుస్తుంది కాబట్టి మా పిల్లలు రైతులతో నేరుగా మాట్లాడారు. భూమి కొనలేదని, ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి కౌలుకు తీసుకున్నారని అక్కడే విన్నారు. ఇది వాళ్ల పుస్తకంలో లేదు.

ఉద్యోగాలు కనిపించాక సిలబస్‌లు కదిలాయి గానీ, ల్యాబులు అంత తొందరగా కదల్లేదు. మొన్న మిద్దె మీద 36 సెల్స్ ఉన్న ప్యానెల్ పెట్టి, ఒక్క సెల్‌ను అట్టముక్కతో కప్పమన్నాను. మీటర్‌లో పవర్ దాదాపు సగానికి పడిపోయింది. "ఒక్క సెల్ మూస్తే సగం యాడికి పాయ సార్?" అన్నాడు అనంతపురం పిల్లాడు. సెల్స్ అన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి. ఈ ప్యానెల్‌లో అవి రెండు గుంపులు, ఒక్కో గుంపుకు ఒక బైపాస్ డయోడ్. ఒక సెల్ మూతపడితే ఆ డయోడ్ కరెంటుకు వేరే దారిచ్చి దాని గుంపునంతా పక్కకు తప్పిస్తుంది. బైపాస్ డయోడ్ బొమ్మ వాడు అంతకుముందు రెండు పరీక్షల్లో గీసి మార్కులు తెచ్చుకున్నవాడే.