కిటికీ చువ్వల మీది మసి

ప్రియమైన పిల్లలకు,

"గాలిని గుప్పిట్లో పట్టలేం కదా తాతయ్యా, నగరపాలక సంస్థ దాన్నెలా బాగుచేస్తుంది?" అని అడిగారు. గాలిని ఎవరూ కడగలేరు, నిజమే. పొగ పుట్టే చోట్లలో మాత్రం చాలావాటి మీద ఆ సంస్థకు అధికారం ఉంటుంది.

ముందు ఒక పని చేయండి. తడిపిన తెల్లగుడ్డతో రోడ్డు వైపు కిటికీ చువ్వలు తుడవండి. గుడ్డకు అంటే నల్లటి జిడ్డు మీకు కనబడుతుంది. అంతకన్నా చేటు చేసే కణాలు కంటికి ఆనవు. వాటిని పీఎం 2.5 అంటారు, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి రక్తంలో కలుస్తాయి. ఇవి ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో చెప్పింది. 2021లో ఆ హద్దును 5కు దించింది.

నన్నడిగితే మొదట పట్టించుకోవాల్సింది చెత్త. తడీ పొడీ కలిపి గుట్ట పోస్తే, గాలి తగలని అడుగున కుళ్లి మీథేన్ పుడుతుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే అది భూమిని బొగ్గుపులుసు వాయువు కన్నా దాదాపు 80 రెట్లు వేడెక్కిస్తుంది. పైన నిప్పంటుకుందా, మసి, విషపు పొగ. తడి చెత్తను ఇంటి గుమ్మం దగ్గరే వేరుగా తీసుకెళ్లి ఎరువు చేస్తే ఈ రెండు బెడదలూ తగ్గుతాయి. పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, బండి రోజూ వేళకు రావాలి, అంతే.

బస్సుల సంగతికొస్తే, చైనాలోని షెన్‌జెన్ 2017 చివరికల్లా తన 16,000కు పైగా బస్సులను కరెంటు బస్సులుగా మార్చేసింది. పోలండ్‌లోని క్రాకోవ్‌లో 2019 సెప్టెంబరు 1 నుంచి ఇళ్లలో బొగ్గు, కట్టెలు కాల్చకూడదు. అయితే అంతకుముందు ఏళ్ల తరబడి పొయ్యిలు మార్చుకోవడానికి జనానికి డబ్బు సాయం చేశారు. ఈ వరస నాకు నచ్చింది. ముందు దారి చూపించి, తర్వాతే వద్దనాలి.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ కథ ఇంకా బాగుంటుంది. 2006లో నగరం నడిబొడ్డుకు వచ్చే కార్ల మీద ఏడు నెలలపాటు రుసుము పెట్టి చూశారు. మొదట్లో చాలామందికి అది గిట్టలేదు. వచ్చే వాహనాల్లో దాదాపు ఐదో వంతు తగ్గాయి. ఆ తేడా కళ్లారా చూశాక ఓటింగ్ పెడితే నగరవాసులు ఉంచమనే చెప్పారు. 2007 నుంచి అది శాశ్వతమైంది.

తప్పులూ జరిగాయి. బొగ్గుపులుసు వాయువు తక్కువని యూరప్ దేశాలు డీజిల్ కార్లను ప్రోత్సహించాయి. తీరా వీధుల్లో ఊపిరికి చేటు చేసే నైట్రోజన్ ఆక్సైడ్‌లు పేరుకున్నాయి. అందుకే ఏ పథకాన్నైనా భూమి వేడెక్కడం, మనం పీల్చే గాలి, ఈ రెండు లెక్కలూ వేసి చూడాలంటాను.

మీ బడి గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబెట్టే బండ్లు నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తాయి. పొగగొట్టం మీ ముఖాలకెంత దగ్గరో! బడి మొదలయ్యే వేళ, వదిలే వేళ ఓ అరగంట ఆ వీధిలోకి బండ్లు రానీయకుండా నగరపాలక సంస్థ ఆపగలదు. చాలా నగరాల్లో అలా చేస్తున్నారు.

ఈసారి రెండు గుడ్డలు తీసుకోండి. ఒకదానితో గేటు వైపు కిటికీ తుడవండి, రెండోదానితో వెనక వైపుది. రెండూ పట్టుకుని మీ వార్డు సభ్యుల దగ్గరికి వెళదాం. నేనూ వస్తాను.

ప్రేమతో,
మీ తాతయ్య