ఫుకసాకు సినిమాల్లో ఆ కోపం ఎక్కడిది?

జపాన్ సినిమా దర్శకుడు కింజి ఫుకసాకు పేరు చెప్పగానే రక్తం, తుపాకులు, యాకుజా (జపాన్ మాఫియా) గ్యాంగులు అనేస్తారు చాలామంది. హింసను మోజుతో చూపించాడన్న మాటను నేను మాత్రం ఒప్పుకోను. కావాలంటే 1945 దాకా వెనక్కి వెళ్లి చూడండి. అప్పుడాయనకు పదిహేనేళ్లు. ఊరు మితో. క్లాసు పిల్లలందర్నీ ఆయుధాల ఫ్యాక్టరీలో పనికి పెట్టారు, అక్కడ గుండ్లు పడుతుంటే దాక్కోవడానికి చోటు లేక పిల్లలు ఒకరి కింద ఒకరు దూరారు, ఆ తర్వాత చనిపోయిన స్నేహితుల శవాలను తీసేసే పని కూడా బతికిన పిల్లల మీదే పడింది. పెద్దలు యుద్ధం గురించి చెప్పినదంతా అబద్ధమని ఆయనకు అక్కడే తెలిసిపోయింది.

1953లో తోయే స్టూడియోలో చేరి, 1961 నుంచి సినిమాలు తీశారు. ఆ దశాబ్దంలో తోయేకి డబ్బులు తెచ్చినవి కిమోనో కట్టుకుని, మాట కోసం ప్రాణమిచ్చే మంచి యాకుజాల కథలు. 1973లో 'బాటిల్స్ వితౌట్ ఆనర్ అండ్ హ్యూమానిటీ'తో ఫుకసాకు ఆ బొమ్మను పగలగొట్టేశారు. హిరోషిమాలో నిజంగా జరిగిన గ్యాంగుల గొడవల్లో ఉన్న ఒకాయన జైల్లో రాసుకున్న జ్ఞాపకాలు దానికి ఆధారం. సినిమా అణుబాంబు మేఘంతో మొదలై నేరుగా హిరోషిమా దగ్గరున్న కురే ఊరి బ్లాక్ మార్కెట్లోకి వెళ్తుంది. చేత్తో పట్టుకున్న కెమెరా జనం మధ్య ఊగిపోతుంటుంది, మనిషి చచ్చిపోగానే ఫ్రేమ్ ఆగి పేరు, తేదీ పడతాయి. బాసులు పిరికివాళ్లు, చచ్చేది కుర్రాళ్లు. యుద్ధంలో జరిగిందీ అదే కదా! జనం ఎగబడి చూశారు, 1974 కల్లా మొత్తం ఐదు భాగాలు వచ్చేశాయి.

ఆ తర్వాత సైన్స్ ఫిక్షన్, చారిత్రక సినిమాలూ తీశారు, వాటి జోలికి ఇప్పుడు వెళ్లను. 2000లో, డెబ్బై ఏళ్ల వయసులో, పెద్దలు చట్టం చేసి మరీ ఒక క్లాసు పిల్లలను ఒకరినొకరు చంపుకోమనే 'బ్యాటిల్ రాయల్' తీస్తే పార్లమెంటులో కూడా గొడవైంది. పిల్లలు చెడిపోతారన్నారు. ఫ్యాక్టరీలో ఆ పదిహేనేళ్ల కుర్రాడికి ఏం జరిగిందో తెలిశాక ఆ విమర్శ నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. దాని రెండో భాగం మొదలుపెట్టాక, 2003 జనవరిలో క్యాన్సర్‌తో పోయారు. కొడుకు కెంటా దాన్ని పూర్తిచేశారు.

కొత్తగా చూసేవాళ్లు యాకుజా సినిమాలకన్నా ముందు 1972 నాటి 'అండర్ ద ఫ్లాగ్ ఆఫ్ ద రైజింగ్ సన్' చూడండి. సైన్యం తన భర్తను ఎందుకు చంపిందో తెలుసుకోవాలని ఒక భార్య మాజీ సైనికుల ఇళ్ల చుట్టూ తిరుగుతుంది, ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. మరుసటి ఏడాది గ్యాంగు బాసుల మీద విరుచుకుపడిన కోపం అందులో అప్పటికే ఉంది.